పది రెట్ల భూతద్దం: పర్లేదు, లైటే దండగ

మావాడి శిలాజాల పిచ్చి కోసం విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో నగల పనివాళ్ళు వాడే పది రెట్ల భూతద్దం కొన్నాం. అద్దం బాగుంది. రాతిలో ఇరుక్కున్న పీత పెంకు మీది గీతలు, బొడిపెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, జాతిని గుర్తుపట్టడానికి ముందు చూసేవి అవే కదా. దానికున్న లైటే దండగ, నేరుగా పడి అన్నీ చదునుగా చూపిస్తుంది, అదే టార్చి పక్కనుంచి వేస్తే నీడలు పడి గీతలు తేలతాయి. పరీక్షకని తీసుకెళ్ళిన ట్రైలోబైట్‌ని (ఎప్పుడో అంతరించిపోయిన సముద్రజీవి శిలాజం) చూసి షాపాయన “పాతకాలం రొయ్యాండీ?” అన్నాడు, అది రొయ్యలు, పీతలు ఉండే క్రస్టేషియన్ వర్గానిదే కాదు మహాప్రభో! కొత్త జాతి కనిపెట్టేద్దాం అనుకునేవాళ్ళకి మాత్రం ఇది చాలదు. 2019లో ప్రకటించిన కాలికిమేరా పర్‌ప్లెక్సా, అదే కొలంబియాలో దొరికిన 9 కోట్ల ఏళ్ళ పైనాటి పీత, దాని పెద్ద కళ్ళు, తెడ్డు కాళ్ళు మామూలు పీతలకి ఉండవని తేల్చాలంటే బోలెడు నమూనాలు పక్కపక్కన పెట్టి పోల్చాలి. ధర దగ్గర బేరమాడండి, తగ్గిస్తాడు.