ఇంటి బీపీ మెషీన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

ఒక ఉదయం నాన్నగారి చేతిలోని చెంచా ఉన్నట్టుండి జారిపోయింది. మూతి కొద్దిగా పక్కకు లాగింది, మాట ముద్దగా వచ్చింది, పది నిమిషాల్లో అంతా సర్దుకుంది. తగ్గిపోయింది కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాం. మెదడుకు వెళ్లే రక్తం కాసేపు ఆగి మళ్లీ సాగిందనీ, దీన్ని టీఐఏ అంటారనీ, అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం దీని తర్వాతి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా ఉంటుందనీ డాక్టరు గారు వివరించారు. మందులతో పాటు ఆయన తప్పనిసరిగా కొనమన్న వస్తువు, దండకు, అంటే మోచేతికి పైనున్న చేతి భాగానికి, పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మెషీన్.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం వల్ల వస్తాయి, మిగిలినవి నాళం చిట్లి రక్తం కారడం వల్ల వస్తాయి. ఈ రెండింటికీ మన చేతిలో ఉన్న కారణాల్లో అన్నింటికన్నా పెద్దది అధిక రక్తపోటే. అది నొప్పి పుట్టించదు కాబట్టి, కొలిస్తే తప్ప ఉన్నట్టు తెలియదు. అందువల్ల ఈ యంత్రం అవసరం గురించి నాకు సందేహం లేదు. నా ఫిర్యాదు అంతా దాన్ని అమ్మే తీరు మీదనే.

మొదటి రెండు వారాలు మాకు వచ్చిన అంకెలు తప్పు. పెట్టెలో ఇచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దండకు సరిపోతుంది. నాన్నగారి దండ 35 సెంటీమీటర్లు. పట్టీ చిన్నదైతే రీడింగు అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. వెల్క్రో చివర అంచున మాత్రమే అంటుకుని, గాలి నిండగానే చిటపటమంటూ ఊడబోతుంటే మేం చేత్తో అదిమి పట్టుకున్నాం కూడా. పెద్ద పట్టీ విడిగా తెప్పించాక పై అంకె ఏకంగా 11 తగ్గింది. కొనేముందు దండను టేపుతో కొలవాలన్న సంగతి దుకాణదారు చెప్పలేదు, పెట్టె మీదా లేదు.

రెండో పొరపాటు మాదే. నాన్నగారు పట్టీ బిగుస్తుండగానే కబుర్లు మొదలుపెట్టేవారు. మాట్లాడుతూ కొలిస్తే 148, మౌనంగా కొలిస్తే 136. ఇప్పుడు అరగంట ముందు నుంచి కాఫీ లేకుండా, మూత్ర విసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటారు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు, ఉదయం సాయంత్రం కొలిచి, వారం రోజుల సగటు తీస్తాం. ఇంట్లో ఆ సగటు 135/85 దాటితే ఎక్కువ అని లెక్క. ఒక్క రీడింగు చూసి కంగారుపడి మందు మార్చుకోవడం ఎంత తప్పో, ఒక్కటి బాగుందని మానేయడం అంతకంటే పెద్ద తప్పు.

ఈ యంత్రంలో నాకు అన్నింటికన్నా నచ్చినది తెర మూలన వెలిగే చిన్న గుండె గుర్తు, అంటే నాడి లయ తప్పిందన్న సూచన. చేయి కదిలినా అది వెలగవచ్చు కాబట్టి మొదటిసారి పట్టించుకోలేదు. అదే వారంలో మూడుసార్లు కనిపించేసరికి డాక్టరుకు చూపించాం. అప్పటిదాకా తీసిన ఈసీజీలు మామూలుగానే ఉన్నాయి. ఒంటికి తగిలించిన చిన్న పరికరంతో గుండె లయను 24 గంటలూ నమోదు చేసే హోల్టర్ పరీక్షలో మాత్రం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ లోపం బయటపడింది. గుండె పై గది సరిగ్గా ముడుచుకోక, రక్తం అక్కడ నిలిచి గడ్డకట్టి మెదడుకు చేరే ఈ స్థితి పక్షవాతం ప్రమాదాన్ని సుమారు ఐదు రెట్లు పెంచుతుంది. గడ్డకట్టకుండా చేసే మందు మొదలుపెట్టారు. ఆ గుర్తు రోగ నిర్ధారణ కాదు, కానీ మమ్మల్ని సరైన పరీక్ష దాకా నడిపించింది.

లోపాలు చెప్పాలంటే, పాత రీడింగుల తేదీలు బ్యాటరీ మార్చినప్పుడల్లా పోతున్నాయి. మేం నోటుపుస్తకంలో రాసుకుంటున్నాం. మణికట్టు రకం చవకగా, తేలికగా దొరుకుతుంది గానీ చేయి ఎత్తు కాస్త మారినా అంకె మారిపోతుంది, నేను సిఫారసు చేయను.

వాడుక పుస్తకంలో బ్యాటరీ గురించి రెండు పేజీలున్నాయి. పక్షవాతం లక్షణాలు కనిపించినప్పుడు ఏం చేయాలో ఒక్క వాక్యమూ లేదు. ఆ సమయంలో బీపీ కొలుస్తూ కూర్చోకూడదు, పెరిగిందని ఇంట్లో మాత్ర వేయకూడదు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేల్చాక. అందుకే పెట్టె మూత లోపల నాన్నగారు తన చేతి రాతతో ఒక కాగితం అంటించారు: "మూతి, చేయి, మాట. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఈ పెట్టె మూసేసి అంబులెన్సుకు ఫోన్ చేయండి. టైము రాసి పెట్టండి."