షెంజెన్ వీసాకి బెంగళూరు ఏజెంట్: డబ్బు ఎక్కడ గిట్టుబాటు, ఎక్కడ దండగ

మ్యూనిక్‌లో కూతురూ అల్లుడూ ఉంటారు. కొన్నాళ్లు వాళ్ల దగ్గరుండి, అక్కడే కారు అద్దెకు తీసుకుని ఆస్ట్రియా, స్లొవేనియా, క్రొయేషియాల మీదుగా డుబ్రోవ్నిక్ దాకా వెళ్లి రావాలని ప్లాను. ఇలాంటి ప్లానుతో మారతహళ్లి, బీటీఎం, ఇందిరానగర్‌లలో వీసా ఏజెన్సీల మెట్లెక్కే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఈ ఏజెన్సీలు అమ్మే షెంజెన్ (తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాలన్నిటికీ ఒకే వీసా) సర్వీస్ ఇలాంటి ప్రయాణానికి ఎంతవరకు పనికొస్తుందన్నదే ఈ రివ్యూ. ఏ ఒక్క సంస్థ గురించీ కాదు. పద్ధతి అంతటా ఇంచుమించు ఒక్కటే కాబట్టి పేర్లతో పనిలేదు.

ముందే చెప్పేస్తాం. పారిస్, స్విస్, రోమ్ గ్రూప్ టూరుకైతే ఈ సర్వీస్ బాగుంటుంది. సొంతంగా కారు నడుపుతూ, మధ్యలో పిల్లల ఇంట్లో ఉంటూ, ఐదారు దేశాలు దాటే ప్రయాణానికి సగమే పనికొస్తుంది. రెండో సగం, అంటే ఏ దేశానికి అప్లై చేయాలి, ఎన్ని ఎంట్రీలు (అంటే షెంజెన్‌లోకి ఎన్నిసార్లు అడుగుపెట్టొచ్చన్నది) అడగాలి, పిల్లల దగ్గర్నుంచి ఏ కాగితం రావాలి అన్నవి మీరే తేల్చుకుని ఏజెంట్ చేతిలో పెట్టాలి.

ఎవరి పని ఏమిటో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఏజెంట్ ఫారం నింపి, కాగితాలు సర్ది, స్లాట్ చూస్తాడు. వీఎఫ్ఎస్ లాంటి కేంద్రం ఫైల్ తీసుకుని, వేలిముద్రలు, ఫోటో తీసి పంపుతుంది. వీసా ఇవ్వాలా వద్దా అన్నది కాన్సులేట్ ఒక్కటే తేలుస్తుంది. 'మాకు లోపల తెలిసినవాళ్లున్నారు' అనే ఏజెన్సీ నుంచి అక్కడికక్కడే లేచి రండి. వీఎఫ్ఎస్‌లో అపాయింట్‌మెంట్ స్లాట్‌కి విడిగా రుసుము లేదు. ఏజెంట్ బిల్లులో 'స్లాట్ చార్జ్' కనిపిస్తే అది వాళ్లు వేసుకున్నదే. ప్రీమియం లాంజ్‌కి కట్టే డబ్బు కూర్చునే కుర్చీకే, ఫైల్ ఫలితానికి కాదు. పెద్దవాళ్లు ఎక్కువసేపు నిలబడలేరనుకుంటే మాత్రం తీసుకోవచ్చు.

వీసా ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వాళ్లకు ఉచితం. దీన్ని రూపాయల్లో కడతారు, కేంద్రం సర్వీస్ చార్జీ దీనికి అదనం. వీసా రాకపోతే ఇవేవీ వెనక్కి రావు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, అనుమానం వస్తే 45 దాకా లాగొచ్చు. వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు సంక్రాంతి అయ్యాక పని మొదలెడితే ఊపిరి ఆడుతుంది.

ఏజెంట్లు నిజంగా బాగా చేసే పని కాగితాల సర్దుబాటు. మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఆఫీస్ సెలవు లెటర్, 35×45 మిల్లీమీటర్ల ఫోటో, రెండు ఖాళీ పేజీలున్న పాస్‌పోర్ట్. ఆ పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, షెంజెన్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. వీటి వరుస వాళ్లకు కొట్టినపిండి. అప్లై చేసే వారం ముందు అకౌంట్లో ఒక్కసారిగా పెద్ద మొత్తం వేయొద్దని మంచి ఏజెంట్ తనంతట తానే చెబుతాడు. వేయక తప్పకపోతే అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎఫ్‌డీ తీసిందా, స్థలం అమ్మిందా అన్నది కాగితంతో చూపాలి.

కానీ తెలుగువాళ్ల పేర్ల దగ్గర ఈ సర్వీస్ తడబడుతుంది. నాన్నగారి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది. అమ్మ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు గివెన్ నేమ్‌లోనే కలిసిపోతుంది. కూతురి పదో తరగతి మెమోలో నాన్న పేరు ముందు ఒక్క ఇనిషియలే ఉంటుంది. పెళ్లయ్యాక ఆమె జర్మనీ రెసిడెన్స్ పర్మిట్‌లో భర్త ఇంటిపేరు ఉంటుంది. ఈ నలుగురూ ఒకే కుటుంబమని ఆ కాగితాలు చూసిన ఆఫీసర్‌కి ఎలా తెలుస్తుంది? ఫారంలో పాస్‌పోర్ట్‌లో ఉన్నదున్నట్టే రాయాలి, గడి ఖాళీగా ఉంటే సొంతంగా నింపకూడదు. కూతురి బర్త్ సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, ఆమె పాస్‌పోర్ట్‌లో తల్లిదండ్రుల పేర్లున్న చివరి పేజీ కాపీ, ఈ మూడూ కలిపి పెడితే చుట్టరికం కళ్లముందు కనిపిస్తుంది. బర్త్ సర్టిఫికెట్ తెలుగులోనో కన్నడలోనో ఉంటే ఇంగ్లీష్ అనువాదం జతచేయాలి. పట్టాదారు పాసుపుస్తకానికీ అంతే. అనంతపురం దగ్గరో నంద్యాల దగ్గరో పొలం ఉండడం, తిరిగి ఊరికి వస్తారనడానికి మంచి ఆధారం. బెంగళూరు ఏజెంట్లు ఆ పుస్తకాన్ని తెలుగులోనే జిరాక్స్ తీసి పెట్టేస్తుంటారు. చదవలేని కాగితం ఉన్నా లేనట్టే.

ఇక అసలు చిక్కు, ఏ దేశానికి అప్లై చేయాలన్నది. ఎక్కువ రోజులు ఉండే దేశానికి, లేదా ప్రయాణపు ముఖ్య కారణం ఉన్న దేశానికి చేయాలి. ఏది ముఖ్యమో తేలకపోతే మొదట అడుగుపెట్టే దేశానికి. నియమం ఇంతే. ఇప్పుడు ఈ ప్లాను చూడండి: మ్యూనిక్ 7 రాత్రులు, ఆస్ట్రియా 3, స్లొవేనియా 3, క్రొయేషియా 9. కూతురు జర్మనీలో ఉంది కదా అని ఏజెంట్ ఆలోచించకుండా జర్మనీకి వేస్తాడు, ఫారంలో కారణం మాత్రం 'టూరిజం' అని టిక్ పెడతాడు. రోజులు చూస్తే క్రొయేషియాకి ఎక్కువ, కారణం చూస్తే కూతురి ఊసే లేదు. ఫైల్ చెడేది సరిగ్గా ఇక్కడే. దీన్ని రెండు రకాలుగా సరిచేయొచ్చు. కుటుంబాన్ని చూడడమే ముఖ్యమైతే ఫారంలో ఆ కారణాన్నే టిక్ చేసి, మ్యూనిక్ రాత్రులు పెంచి, క్రొయేషియాలో తగ్గించి జర్మనీకి వేయాలి. లేదా ప్లాను ఉన్నది ఉన్నట్టుంచి క్రొయేషియాకే అప్లై చేయాలి. స్లాట్లు ఖాళీగా ఉన్నాయని వేరే దేశానికి వేసి, వీసా వచ్చాక రూటు మార్చుకోవచ్చని చెప్పే ఏజెంట్లున్నారు. సరిహద్దులో బుకింగులు అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరే. వీసా అక్కడికక్కడే రద్దయ్యే అవకాశమూ ఉంది.

ఎంట్రీల సంగతి ఇంతకన్నా సూక్ష్మం. క్రొయేషియా 2023 జనవరి 1న షెంజెన్‌లో చేరింది. రొమేనియా, బల్గేరియాల భూ సరిహద్దులు కూడా 2025 జనవరి 1 నుంచి షెంజెన్‌లోకి వచ్చాయి. 'క్రొయేషియాలో ఉన్న రోజులు షెంజెన్ లెక్కలోకి రావు' అని ఏజెన్సీ ఇచ్చే పాత కాగితాల్లో కనిపిస్తే నమ్మొద్దు. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ వెళ్లే పాత తీర రోడ్డు నేయుమ్ దగ్గర కొన్ని కిలోమీటర్లు బోస్నియాలో నుంచి పోతుంది. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడ బయటికి వెళ్తే ఆ ఎంట్రీ అయిపోయినట్టే. 2022 జూలైలో పెల్యేషాట్స్ వంతెన తెరిచారు కాబట్టి ఇప్పుడు క్రొయేషియా దాటకుండానే డుబ్రోవ్నిక్ చేరొచ్చు. కాకపోతే కారులోని నావిగేషన్ పాత రోడ్డు చూపిస్తే మీరే గమనించి వంతెన వైపు తిప్పాలి. డుబ్రోవ్నిక్ నుంచి కొటోర్ చూసొద్దామనిపిస్తుంది, దగ్గరే కదా. అది మాంటెనెగ్రో, షెంజెన్ బయట. షెంజెన్ వీసా ఉన్నవాళ్లను మాంటెనెగ్రో రానిస్తుంది, కానీ తిరిగి క్రొయేషియాలోకి రావడానికి రెండో ఎంట్రీ కావాలి. బోస్నియా అయితే మల్టిపుల్ ఎంట్రీ వీసానే అడుగుతుంది. అందుకని కవర్ లెటర్‌లో 'ఫలానా తేదీన మాంటెనెగ్రో వెళ్లి, ఫలానా తేదీన తిరిగి వస్తాం' అని తేదీలతో రాసి, అక్కడి బుకింగ్ జతచేయాలి. ఊరికే 'మల్టిపుల్ కావాలి' అని ఫారంలో టిక్ పెడితే సరిపోదు, ఏజెంట్లు సాధారణంగా ఆ టిక్‌తోనే ఆగిపోతారు.

2024 ఏప్రిల్‌లో భారతీయులకు వచ్చిన వెసులుబాటు కూడా చాలామందికి చెప్పరు. గత మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని నియమం తప్పకుండా వాడినవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇవ్వొచ్చు. పాత పాస్‌పోర్ట్‌లోని వీసా పేజీల కాపీలు తప్పక పెట్టాలి.

పాస్‌పోర్ట్ చేతికొచ్చిన రోజే స్టిక్కర్ చదవాలి. తేదీలు, ఉండగలిగే రోజుల సంఖ్య, ఎంట్రీల గడి, మూడూ వేరువేరు సంగతులు. మూడు నెలల తేదీలుండి రోజుల గడిలో 30 అని ఉంటే ఉండేది 30 రోజులే. వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ లెక్కే. ఎంత పెద్ద వీసా అయినా ఏ 180 రోజుల్లో చూసినా 90 దాటకూడదు. మనవణ్ని చూసుకోవడానికి వేసవిలో 80 రోజులుండి వచ్చిన అమ్మానాన్నలకు, దసరాకి మళ్లీ కారు ప్రయాణం అంటే మిగిలేది పట్టుమని పది రోజులు. 2025 అక్టోబర్ 12 నుంచి సరిహద్దుల్లో ముద్రల బదులు ఎలక్ట్రానిక్ నమోదు మొదలైంది కాబట్టి, ముద్ర సరిగా పడలేదన్న సాకు ఇక చెల్లదు, లెక్క కంప్యూటరే వేస్తుంది.

పిల్లల నుంచి రావాల్సిన కాగితం గురించి ఏజెంట్ 'ఇన్విటేషన్ లెటర్ తెప్పించండి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. జర్మనీలో అది రెండు రకాలు. ఖర్చు తల్లిదండ్రులే పెట్టుకుంటుంటే మామూలు లెటర్, దాంతో కూతురి పాస్‌పోర్ట్, రెసిడెన్స్ పర్మిట్ కాపీలు, చిరునామా నమోదు కాగితం చాలు. ఖర్చు కూతురే భరిస్తుందంటే ఫెర్‌ఫ్లిష్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అనే హామీపత్రం కావాలి. అక్కడి విదేశీయుల కార్యాలయంలో జీతం స్లిప్పులు చూపించి, 29 యూరోలు కట్టి తీసుకోవాలి. అక్కడ అపాయింట్‌మెంట్‌కే వారాలు పట్టొచ్చు, తర్వాత ఒరిజినల్ బెంగళూరుకి కొరియర్‌లో రావాలి. స్లాట్ బుక్ చేశాక ఈ పని మొదలెడితే అందదు. ఫ్రాన్స్‌లో బంధువుల ఇంట్లో ఉండేవాళ్లకు అక్కడి మేయర్ కార్యాలయం ఇచ్చే అతెస్తాసియోన్ దకేయ్ కావాలి. హామీపత్రం ఉందని నాన్నగారి పెన్షన్ కాగితాలు మానేయొద్దు. ఖర్చు ఎవరు పెడతారన్నది ఒక ప్రశ్న, తిరిగి వస్తారా అన్నది ఇంకో ప్రశ్న.

'డమ్మీ బుకింగ్' మాట ఏజెన్సీల్లో మామూలైపోయింది. రద్దు చేసుకునే వీలున్న అసలు బుకింగ్ వేరు, ఎక్కడా లేని పీఎన్ఆర్‌తో తయారుచేసిన పీడీఎఫ్ వేరు. రెండోది దొంగ పత్రం కిందికొస్తుంది, అది వీసా తిరస్కరణకి నేరుగా కారణం. హోటల్ బుకింగులు మీ సొంత లాగిన్‌తో చేసి ఏజెంట్‌కి ఇవ్వండి. కూతురింట్లో ఉండే రాత్రులకు హోటల్ పెట్టనివ్వొద్దు. ఒకే రాత్రికి రెండు పడకలు కనిపిస్తే ఏది నిజమని ఆఫీసర్ అడుగుతాడు.

కారు విషయంలో ఏజెన్సీల సాయం దాదాపు సున్నా. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్టీఓ నుంచి తీసుకోవాలి. రుసుము వెయ్యి రూపాయలు, చెల్లుబాటు ఏడాది, అసలు లైసెన్స్ కూడా వెంట ఉండాలి. అద్దె కంపెనీకి వెళ్లే ప్రతి దేశం పేరూ ముందే చెప్పి, ఒప్పందంలో రాయించుకోవాలి. షెంజెన్ బయటి బాల్కన్ దేశాలకు చాలా కంపెనీలు అదనపు రుసుమూ గ్రీన్ కార్డూ (కారు బీమా ఆ దేశంలోనూ చెల్లుతుందని చూపే కాగితం) అంటాయి, కొన్ని అసలే ఒప్పుకోవు. ఆస్ట్రియా, స్లొవేనియా ఎక్స్‌ప్రెస్ హైవేలకి విన్యెట్ (టోల్ స్టిక్కర్) ముందే కొనాలి.

ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి, ఉండే రోజులన్నిటికీ, షెంజెన్ మొత్తానికీ వర్తించాలి. ఏజెంట్ ఇచ్చే చవక పాలసీ షెంజెన్‌కే పరిమితమైతే కొటోర్‌లో కాలు విరిగినా పైసా రాదు. పాలసీలో దేశాల జాబితా చదివి, మాంటెనెగ్రో పేరు లేకపోతే మార్పించండి. అరవై దాటినవాళ్లకు పాత జబ్బుల నిబంధన ఏమిటో కూడా అక్కడే చూడాలి.

తిరస్కరణ వస్తే 'అప్పీల్ పెడదాం, ఇంత అవుతుంది' అంటారు. జర్మనీ వీసాల విషయంలో కాన్సులేట్‌కే పునఃపరిశీలన కోరే పద్ధతిని 2025 జూలై 1 నుంచి ప్రపంచమంతటా ఎత్తేశారు. ఇప్పుడు మిగిలినవి రెండే దారులు: లోపం సరిచేసి కొత్త అప్లికేషన్, లేదా జర్మనీలో కోర్టు. కాబట్టి ఆ అప్పీల్ పేరుతో అడిగే డబ్బు ఇవ్వొద్దు. తిరస్కరణ కాగితంలో టిక్ పెట్టిన కారణం చదివి, దానికే జవాబు చెప్పేలా కొత్త ఫైల్ కట్టాలి.

డబ్బు కట్టే ముందు ఏజెంట్‌ని అడగాల్సినవి మూడు. మా రూటుకి ముఖ్య దేశం ఏది, ఎందుకు? రెండో ఎంట్రీకి ఏ కాగితం పెడతారు? నింపిన ఫారం, మొత్తం ఫైల్ స్కాన్ సబ్మిట్ చేసే ముందు మాకు పంపుతారా? మొదటి దానికి రోజులు లెక్కపెట్టి జవాబిచ్చినవాడు ఫీజుకి తగ్గవాడు. మూడోదానికి 'అవసరం లేదు సార్, మేం చూసుకుంటాం' అన్నచోట సంతకం పెట్టకండి. ఫారం కింద ఉండేది మీ సంతకం, అందులో రాసిన ప్రతి తప్పుకీ బాధ్యత మీదే అవుతుంది.