రోజెన్‌బర్గ్‌ను ముందు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? 1928దా, 1932దా, 1934దా?

జర్మన్ చరిత్రకారుడు ఆర్థర్ రోజెన్‌బర్గ్ అనగానే ఇప్పుడు చాలామంది వెతికేది ఫాసిజం మీద ఆయన 1934లో రాసిన చిన్న పుస్తకం కోసమే. చరిత్రకారుడు జైరస్ బనాజీ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాక మన దేశంలోనూ పేరు వినబడుతోంది. నేను మాత్రం ముందు 1928 పుస్తకం, అంటే జర్మన్ రిపబ్లిక్ ఎలా పుట్టిందో చెప్పేది చదవమంటాను. (అన్నట్టు, నాజీ సిద్ధాంతకర్త ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్ వేరే మనిషి, ఇద్దర్నీ కలిపేయకండి.)

1889లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, ప్రాచీన రోమ్ చరిత్రలో పండితుడైన ఈయన మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంవారి ప్రెస్ ఆఫీసులో పనిచేశారు. 1918 విప్లవంతో ఎడమవైపు తిరిగి, 1920లో కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లి, 1924లో రైఖ్‌స్టాగ్ (జర్మన్ పార్లమెంటు) సభ్యుడయ్యారు. పార్టీలో అతివాద వర్గం ఆయనది. 1927లో పార్టీకి రాజీనామా చేశారు కానీ 1928 దాకా సభలోనే ఉన్నారు. యుద్ధంలో జర్మనీ ఎందుకు కూలిందో విచారించిన పార్లమెంటు కమిటీలో కూర్చుని చూసిన కాగితాలే 1928 పుస్తకానికి ముడిసరుకు.

అందులో నన్ను పట్టి కూర్చోబెట్టింది 1918 సెప్టెంబరు 29 ఘట్టం. గెలవలేమని తేలిపోయాక, పార్లమెంటుకు జవాబు చెప్పే ప్రభుత్వం కావాలని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? యుద్ధాన్ని నడిపిస్తున్న జనరల్ లూడెన్‌డార్ఫ్! రైఖ్‌స్టాగ్ పోరాడి తెచ్చుకున్న అధికారం కాదది, పైనుంచి ఆర్డరుగా వచ్చిందని రోజెన్‌బర్గ్ చూపిస్తారు. దానికి మూలం 1871లో జర్మనీని ఏకం చేసిన బిస్మార్క్ కుదిర్చిన ఏర్పాటులోనే ఉందంటారు, ప్రష్యన్ భూస్వామ్య సైనిక వర్గాన్నీ ధనిక మధ్యతరగతినీ ఒక్క మనిషి నేర్పుతో కట్టిపడేసిన రాజ్యం ఆ మనిషి పోయాక నిలవదని. అదే సైన్యం ఆఫీసులో ఒకప్పుడు పనిచేసిన మనిషి ఇంత నిక్కచ్చిగా రాయడం మామూలు విషయం కాదు.

1932 నాటి బోల్షెవిజం (రష్యా కమ్యూనిస్టుల ఉద్యమం) చరిత్ర దానికంటే తొందరగా చదివేయొచ్చు, మార్క్స్ నుంచి స్టాలిన్ దాకా ఒకే గుక్కలో చెబుతుంది. కామింటర్న్ (దేశదేశాల కమ్యూనిస్టు పార్టీల ఉమ్మడి సంస్థ) కార్యవర్గంలో కూర్చున్నవాడే అది రష్యా అవసరాల వెనక ఎలా నడిచిందో రాయడం దాని బలం. కాకపోతే అక్కడక్కడా మనుషులు మాయమై సిద్ధాంతాలే నడుస్తుంటాయి, అందుకే నాకిది రెండో స్థానం.

ఇక 1934ది. 1933లో హిట్లర్ రాగానే దేశం విడిచిన ఆయన దీన్ని 'హిస్టోరికస్' అనే మారుపేరుతో వేశారు. ఫాసిస్టుల ఆలోచనల్లో కొత్తదేమీ లేదు, యూదు ద్వేషమూ జాతి గర్వమూ 1914కు ముందే యూరప్‌లో ఉన్నాయి, కొత్తది వీధుల్లో దాడులు చేసే దళాలు, వాటిని చూసీ చూడనట్టు వదిలేసిన పోలీసులు, జడ్జీలు అన్నది దాని వాదం. పదునైన వాదమే. కానీ ఆ పోలీసులూ జడ్జీలూ రిపబ్లిక్ వచ్చాక కూడా పాత రాజ్యం మనుషులుగానే ఎందుకు మిగిలిపోయారన్న ప్రశ్నకు నేపథ్యం 1928 పుస్తకంలోనే దొరుకుతుంది. ఒకటే చదివే టైమ్ ఉంటే, చిన్నదని 1934 పుస్తకం తీసుకోకండి, 1928దే తీసుకోండి.