అద్దె టెంటు, ఉమ్మడి స్టవ్: దేన్ని నమ్మొచ్చు, దేన్ని నమ్మకూడదు

ఏడాదిలో నాలుగైదు రాత్రులే ఆరుబయట పడుకునేవాళ్లు టెంటు కొనకపోవడమే మంచిది. ఖర్చు సంగతి అలా ఉంచండి, చుట్టి అటక మీద పడేసిన టెంటు వాడకపోయినా పాడవుతుంది. నీరు దిగకుండా గుడ్డకు వేసే పాలీయురెథేన్ పూత తేమకూ వేడికీ మెల్లగా విడిపోతుంది. మొదట పుల్లటి కంపు కొడుతుంది, తర్వాత మడతలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆఖరికి పూత పొలుసులుగా రాలుతుంది. దీన్ని హైడ్రాలసిస్ అంటారు. ట్రెక్కింగ్ బూట్ల అడుగున మెత్తగా ఉండే పాలీయురెథేన్ పొరదీ ఇదే కథ. ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న బూటు పైకి కొత్తదానిలాగే ఉంటుంది, కొండ ఎక్కుతుంటే అడుగు ఊడి చేతికొస్తుంది. ప్రతి వాడకం తర్వాతా ఆరబెడుతూ పదిమంది చేతులు మారే సామాను, మూలన పడి ఉన్న సామాను కన్నా తరచూ మంచి స్థితిలో ఉంటుందంటే కారణం ఇదే.

అలాగని అన్నీ అద్దెకు తెచ్చుకోకూడదు. లోపం ఉంటే అది బయల్దేరకముందే బయటపడుతుందా? ఏ వస్తువు దగ్గరైనా ముందు అడగాల్సింది ఇదే. టెంటుకు చిల్లు ఉంటే ఎండకు పట్టి చూస్తే కనిపిస్తుంది. కింద పరుచుకునే గాలి మ్యాట్‌లోంచి గాలి పోతుంటే పొద్దున్నే తెలిసిపోతుంది. హాలో ఫైబర్ నీటి ఫిల్టరు అలా కాదు. ఒకసారి తడిసిన ఫిల్టరులో నీళ్లు గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు చిట్లుతాయి. ఆ తర్వాతా నీళ్లు మామూలుగానే కారుతుంటాయి, వాటితోపాటు బ్యాక్టీరియా కూడా వస్తుంది. అంతకుముందు తీసుకెళ్లినవాళ్లు చలిరాత్రి దాన్ని టెంటు బయట వదిలేశారేమో దుకాణంలో ఎవరికీ తెలియదు. ఫిల్టరు సొంతంగా కొనుక్కోవాలి, లేదంటే నీళ్లు మరిగించి తాగాలి.

బండలెక్కే తాడు, నడుముకు కట్టే హార్నెస్, స్లింగులు అనే పట్టీ ఉచ్చులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. బ్యాటరీ యాసిడ్ తగిలిన నైలాన్ రంగు మారకుండానే బలం కోల్పోవచ్చు. కింద పడి దెబ్బతిన్న హెల్మెట్‌లో పగులు పైకి కనిపించకపోవచ్చు. వీటిని అద్దెకు తీసుకోవాల్సి వస్తే, ప్రతి వస్తువుకూ నంబరు వేసి, తయారీ తేదీ, తొలి వాడకం, పరీక్షించిన తేదీలు రిజిస్టర్‌లో రాసుకునే చోటే తీసుకోవాలి. తయారై పదేళ్లు దాటిన నైలాన్ సామానును, వాడకపోయినా సరే, పక్కన పెట్టమని చాలా మంది తయారీదారులే చెబుతారు. తయారీ సంవత్సరం లేబుల్ మీద ఉంటుంది. ఆ లేబుల్ చిరిగిపోయి ఉంటే ఆ వస్తువు వద్దని తిప్పి ఇచ్చేయండి.

ఇక ఎక్కడ తీసుకోవాలన్నది. నడక మొదలయ్యే చోట ఉండే దుకాణం సౌకర్యమే, మోత తగ్గుతుంది. అయితే అక్కడ ఉన్నదాంట్లోనే సర్దుకోవాలి, చూసుకోవడానికి అరగంట కూడా దొరకదు. చేతికర్రలు, గెయిటర్లు (బూటు పైనుంచి పిక్కకు కట్టే తొడుగులు), మంచు గొడ్డలి లాంటి, ఐదు నిమిషాల్లో పరీక్ష అయిపోయేవి అక్కడ తీసుకోవచ్చు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, మ్యాట్ మాత్రం నగరంలోని దుకాణంలో ఒకరోజు ముందే తీసుకుని, ఆ రాత్రి ఇంట్లో విప్పి చూడాలి. ఆ ఒక్కరోజు అద్దె దండగ అనుకోకండి. విశ్వవిద్యాలయాల, పర్వతారోహణ క్లబ్బుల సామాను గది ఇంకా మేలు, ఎందుకంటే ఇచ్చేవాళ్లు కూడా అదే సామానుతో కొండ ఎక్కుతారు. కాకపోతే వరుస సెలవులొస్తే అక్కడ ఏమీ మిగలదు. స్వీడన్‌లో 2013లో మొదలైన ఫ్రీటీడ్స్‌బాంకెన్ ఆట సామానునూ ఆరుబయట సామానునూ గ్రంథాలయం పుస్తకాలిచ్చినట్టు 14 రోజులపాటు ఉచితంగా ఇస్తుంది. నార్వేలో బూఆ అనే సంస్థదీ ఇదే పని. ఇలాంటి చోట్ల పిల్లల సామాను తీసుకోవడం మరీ మంచిది, వచ్చే ఏడాదికి పిల్లలకు ఎలాగూ అది చాలదు.

దుకాణం మంచిదో కాదో తెలుసుకోవాలంటే లోపల స్లీపింగ్ బ్యాగులు ఎలా ఉంచారో చూడండి. కొక్కేలకు వేలాడదీసో, పెద్ద వదులు సంచుల్లోనో ఉంటే యజమానికి పని తెలుసు. చిన్న సంచుల్లో కుక్కి బీరువాలో పేర్చి ఉంటే, లోపలి ఈకలు నెలల తరబడి నలిగి పొంగే గుణం పోగొట్టుకుని ఉంటాయి.

స్లీపింగ్ బ్యాగు లేబుల్ మీద మూడు ఉష్ణోగ్రతలుంటాయి: కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్. ఇవి ఈఎన్ 13537 ప్రమాణంతో వచ్చాయి, తర్వాత దాని స్థానంలో ఐఎస్‌ఓ 23537 వచ్చింది. ప్రయోగశాలలో వేడి పుట్టించే బొమ్మను పడుకోబెట్టి కొలిచిన అంకెలివి. లిమిట్ అంటే సగటు మగమనిషి ముడుచుకు పడుకుని ఎలాగో నిద్రపట్టించుకునే చలి. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణం నిలుస్తుందేమో గానీ నిద్ర పట్టదు. కొన్ని దుకాణాలు ఈ ఆఖరి అంకెనే పెద్దగా రాసి పెడతాయి. కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి, అదీ బ్యాగు కొత్తగా ఉన్నప్పటిది. అద్దె బ్యాగుకు మరో 5 డిగ్రీలు చేర్చుకోవాలి. రాత్రి సున్నాకు చేరుతుందనుకుంటే కంఫర్ట్ మైనస్ 5 ఉన్నది అడగండి. ఇంటికొచ్చాక గంటసేపు విప్పి పరచి, దీపానికి అడ్డంగా పట్టండి. కుట్ల మధ్య గదిలో ఈకలు ఒక మూలకు ముద్దగా చేరి, మిగతా గది ఖాళీగా వెలుగు కనిపిస్తే సరిగ్గా అక్కడే చలి పట్టుకుంటుంది. జిప్పును పైకీ కిందికీ మూడుసార్లు లాగండి. స్లైడరు వెళ్లిన వెనకే పళ్లు విడిపోతుంటే స్లైడరు అరిగినట్టు. పట్టకారుతో దాని రెండు అంచులనూ కొద్దిగా నొక్కితే ఆ యాత్రకు పనికొస్తుంది, ఆపై మార్చాల్సిందే. లోపల వేసుకునే పలుచని లైనరు మాత్రం మీదే తీసుకెళ్లండి. శుభ్రత కోసమే కాదు, చెమట, ఒంటి జిడ్డు ఈకలకు పట్టకుండా ఆపితే తర్వాతివాళ్లకూ ఆ బ్యాగు వెచ్చగా ఉంటుంది.

ఎంత మంచి బ్యాగైనా మ్యాట్ పలుచనైతే వృథా, ఎందుకంటే ఒంటి కింద నలిగిన ఈకలు నేల చలిని ఆపలేవు. మ్యాట్ చలిని ఎంత ఆపుతుందో ఆర్-విలువ చెబుతుంది. 2018లో వచ్చిన ఏఎస్‌టీఎం ఎఫ్3340 ప్రమాణంతో అన్ని కంపెనీల అంకెలనూ పోల్చి చూడడం కుదిరింది. వేసవికి 2 చాలు, చలిరాత్రులకు 3 నుంచి 4, మంచు మీదైతే 5 దాటాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే విలువలు కలుస్తాయి కాబట్టి, అద్దె గాలి మ్యాట్ కింద చవక ఫోమ్ షీటు పరిస్తే ముళ్ల నుంచీ రక్షణ, చలికీ అడ్డు. గాలి మ్యాట్‌ను ముందురాత్రి ఊది, పైన బరువు పెట్టి పొద్దున్న చూడండి. ఎక్కడో ఒకచోట బుడగలా ఉబ్బి ఉంటే లోపలి పొరలు విడిపోయాయన్నమాట, దానికి మరమ్మతు లేదు.

టెంటును ఒకసారైనా పూర్తిగా నిలబెట్టాల్సిందే, ఇరవై నిమిషాల పని. కడ్డీల అతుకుల దగ్గర గోరుతో రాస్తే సన్నని పగులు తగులుతుంది. ఆ పగులు గాలివానలో పూర్తిగా విరిగి గుడ్డను చీలుస్తుంది. కడ్డీల్లోని సాగే తాడు సాగినచోటే ఉండిపోతే ముక్కలు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా దిగవు, అతుకు అక్కడే పగులుతుంది. పైగుడ్డను తిరగేసి కుట్ల మీది పట్టీ లేచిందేమో చూడండి, వాన ముందుగా దిగేది అక్కడే. మేకుల్ని, గాలికి కట్టే తాళ్లను లెక్కపెట్టి రాసుకోండి. ఒక మేకు, ఒక తాడు తక్కువ రావడం అద్దె టెంట్లలో మామూలే. కడ్డీ విరిగితే పైన తొడిగే 10 సెంటీమీటర్ల లోహపు గొట్టం సంచిలో ఉందో లేదో అడగండి, లేకపోతే మీరే ఒకటి పెట్టుకోండి.

బూట్లు సొంతమే ఉండాలి. వేరొకరి పాదానికి సాగిన తోలు మీ మడమను కోస్తుంది. మంచు మీద వాడే గట్టి పెంకు బూట్లు ఇందుకు మినహాయింపు, వాటి పెంకు ఎవరి పాదానికీ సాగదు. బూటూ, మంచు మీద జారకుండా దాని అడుగున బిగించే ముళ్ల చట్రాలు, అంటే క్రాంపాన్లూ ఒకే చోట తీసుకోండి. అమర్చాక, పట్టీలు బిగించకుండానే బూటును ఎత్తి ఊపండి. క్రాంపాన్ ఊడిపడకుండా బూటును పట్టుకుని ఉంటే కొలత సరిపోయినట్టు. మంచుచరియ కింద పడినవాళ్లను వెతకడానికి రేడియో సంకేతం పంపే, అందుకునే అవలాంచ్ బీకన్ అద్దెకు తీసుకోవడంలో తప్పులేదు, 457 కిలోహెర్ట్జ్ మీద అన్ని కంపెనీలవీ ఒకదానితో ఒకటి పనిచేస్తాయి. మూడు యాంటెన్నాలున్నదే తీసుకుని, తయారీదారు చెప్పిన రకం బ్యాటరీలు కొత్తవి వేసి, పంపడం, వెతకడం రెండూ తోటివాళ్లతో కలిసి పరీక్షించండి.

విమానంలో గ్యాస్ డబ్బా తీసుకెళ్లనివ్వరు కాబట్టి స్టవ్, డబ్బా రెండూ చేరినచోటే తీసుకోవడం తేలిక. డబ్బా బిగించాక అతుకు మీద సబ్బునీళ్లు వేయండి. బుడగలొస్తే అతుకులోని రబ్బరు చుట్టు, అంటే ఓ-రింగ్, ఎండి పగిలినట్టు. సగం వాడిన డబ్బా ఇస్తే తూకం వేయమనండి. గాలి లేనిచోట లీటరు నీళ్లు మరగడానికి దాదాపు 15 గ్రాముల గ్యాస్ పడుతుంది, దాన్నిబట్టి ఎన్నిపూటలొస్తుందో తేల్చుకోవచ్చు. చలిప్రాంతానికైతే డబ్బాలో ఏ గ్యాస్ ఉందో చదవండి. మామూలు బ్యూటేన్ మైనస్ 0.5 డిగ్రీల కింద ఆవిరి కాదు, ఐసోబ్యూటేన్ దాదాపు మైనస్ 12 దాకా పనిచేస్తుంది.

బస ఎక్కడో తేలితే సామాను జాబితా దానంతటదే తగ్గుతుంది. ఆల్ప్స్‌లోని పర్వత కుటీరాల్లో పరుపు, దుప్పటి సాధారణంగా వాళ్లే ఇస్తారు, మీ లైనరు మాత్రం తప్పనిసరి. న్యూజిలాండ్ పరిరక్షణ శాఖ కుటీరాల్లో చాలావాటిలో పరుపు ఉంటుంది, దుప్పటి ఉండదు, స్లీపింగ్ బ్యాగు మనదే. బుక్ చేసేటప్పుడే పరుపు, దుప్పటి, పొయ్యి ఈ మూడింటి గురించీ అడిగితే అనవసరపు అద్దె తప్పుతుంది.

నలుగురైదుగురు స్నేహితులు కలిసి పంచుకునేటప్పుడు అందరూ చందా వేసి ఒకే టెంటు కొనడం మంచి పద్ధతి కాదు. ఒకరు ఊరు మారితే ఆ టెంటు ఎవరిదన్నది తేలదు. ఒకరు టెంటు, ఇంకొకరు స్టవ్, గిన్నెలు, మరొకరు మ్యాట్లు కొని ఎవరి వస్తువు వాళ్ల దగ్గరే ఉంచుకోవాలి. సంచిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, తీసుకెళ్లినవాళ్లు తేదీ, రాత్రులు, వాన పడిందా, ఏం విరిగింది అన్నవి రాయాలి. దారిలో టెంటు బరువును ఇద్దరు పంచుకుంటే లోపలి గుడ్డ ఒకరికి, పైగుడ్డ, కడ్డీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఆ ఇద్దరూ విడిపోకుండా నడిచేట్టయితేనే.

తిరిగి ఇచ్చేముందు కడ్డీలు, మేకులు, బూట్ల అడుగుల్లోని మట్టి పూర్తిగా పోవాలి. అందులోనే కలుపు గింజలు, శిలీంధ్రాల బీజాలు ఒక కొండ నుంచి ఇంకో కొండకు ప్రయాణిస్తాయి. న్యూజిలాండ్ నదుల్లో 2004లో డిడిమో అనే పాచి కనబడ్డాక, అక్కడ సామాను ముట్టుకుంటే పొడిగా అనిపించాక కూడా ఇంకో 48 గంటలు ఆరనివ్వమని చెబుతున్నారు. టెంటునైతే వేలాడదీసి, కుట్లూ అంచు మడతలూ ఆరేదాకా ఉంచాలి, తడి నిలిచేది వాటిలోనే. చిల్లు పడితే దాచకండి. ఆ చోట రంగు దారం ఒకటి కట్టి, ఎలా పడిందో చీటీ మీద రాసి ఇస్తే, దుకాణంవాళ్లు వెతుక్కోకుండా అతుకు వేస్తారు.