బ్రష్‌ల పీడ పోయింది, రేకు డబ్బా ఏడిపించింది

చెన్నై అంబత్తూరులో మా పంపుల టెస్ట్ బెడ్ మీద, షాఫ్ట్‌ని మెలితిప్పే బలాన్ని (టార్క్) కొలిచే ఈ వైర్‌లెస్ టార్క్ మీటరు పెట్టి నాలుగో ఏడు నడుస్తోంది. షాఫ్ట్ మీద 45 డిగ్రీల వాలున అతికించిన, లోహం సాగుదలని పట్టే స్ట్రెయిన్ గేజ్‌లు, వాటి పక్కనే తిరిగే ట్రాన్స్‌మిటరు, చుట్టూ తాకకుండా నిలబడే రింగ్ యాంటెన్నా. కరెంటు గాలిలోంచే పోతుంది, రీడింగు గాలిలోంచే వస్తుంది. ఇదివరకు స్లిప్ రింగులుండేవి, అంటే తిరిగే రింగులకి బ్రష్‌లు రాసుకుంటూ కరెంటూ రీడింగూ అందించేవి. బ్రష్‌లు అరిగి నల్లపొడి రాలేది, రీడింగు గెంతులేసేది. వారం వారం తుడిచేది నేనే. ఆ పొడి గోళ్ళలో ఇరుక్కోకుండా ఇన్నాళ్ళు గడిచిందంటే నాకు అదే పదివేలు.

ఇక ఏడిపించిన సంగతి. కిందటేడు సేఫ్టీ ఆడిట్‌కి వచ్చినవాళ్ళు షాఫ్ట్‌కి గార్డు లేదన్నారు. జీఐ రేకుతో డబ్బా కొట్టించి బిగించాం. మర్నాడు 45 కిలోవాట్ల మోటారు, 1480 ఆర్‌పీఎం, ఫుల్ లోడ్. లెక్కప్రకారం 290 న్యూటన్ మీటర్ల దగ్గర నిలవాలి. నిలిచినట్టే నిలిచి గీత సున్నాకి పడేది, మళ్ళీ లేచేది. గేజ్ ఊడిందనుకున్నాను. ట్రాన్స్‌మిటరు వైర్లు విప్పి, నాలుగు గేజ్‌లు కలిపి కట్టిన సర్క్యూట్, అదే బ్రిడ్జి, కొలిస్తే ఎదురెదురు మూలల మధ్య 350 ఓమ్‌లు, నిక్షేపంలా ఉంది. రెండు రోజులు పోయాయి. చివరికి మా సూళ్ళూరుపేట కుర్రాడు, "సార్, ఆ డబ్బా ఏసినకాడి నుంచే గదా ఈ గోల?" అన్నాడు. తీశాం. గీత కుదురుగా కూర్చుంది! యాంటెన్నా అయస్కాంత క్షేత్రం రేకులో ఎడ్డీ కరెంట్లు, అంటే సుడి తిరిగే కరెంట్లు, పుట్టించి, ట్రాన్స్‌మిటరుకి అందాల్సిన పవర్ అక్కడే ఖర్చయిపోతోంది. చుట్టుపక్కల లోహం ఉంచొద్దని మాన్యువల్లో ఉంది. చదివిందే, మరిచాను. ఇప్పుడు అక్రిలిక్ గార్డు.

మొదటి ఏడాది దీనికి మెయింటెనెన్సే లేదని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. అది కాస్త ఎక్కువ చెప్పడమే. నవంబరు వానల్లో, లోడు లేనప్పుడు చూపాల్సిన సున్నా పక్కకి జరుగుతోంది. ఫుల్ బ్రిడ్జి కాబట్టి వంపునీ వేడినీ చాలావరకు కొట్టేస్తుంది గానీ, గేజ్ పైపూత అంచు లేచి తేమ దిగితే అదేం చేస్తుంది? పూత మళ్ళీ వేయించాను. అయినా వానాకాలం పొద్దున్నే సున్నా చూడకుండా టెస్టు మొదలుపెట్టను.

మాది ఏళ్ళ తరబడి ఒకే షాఫ్ట్, అందుకే నాకు నచ్చింది. మీ దగ్గర వారానికో షాఫ్ట్ మారుతుంటే ప్రతిసారీ రుద్దడం, అతికించడం, కాలిబ్రేషన్ తప్పవు. నన్ను చూసి కొనకండి.