డల్లాస్ టికెట్టు మీద పదమూడు గంటలు, మా లెక్కలో ముప్పై ఎనిమిది

మొన్న మేలో మా అమ్మాయి దగ్గరికి డల్లాస్ వెళ్లడానికి గుంటూరు అరండల్‌పేటలో ఒక టికెట్ల ఆఫీసులో బుక్ చేయించుకున్నాం. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మా ఆవిడ మోకాళ్లకి ప్రయాణం ఆ మెట్ల మీదే మొదలైంది.

టికెట్టు కాగితం చూసి ఆవిడ మురిసిపోయింది. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4.15కి ఎక్కుతాం, అదే తేదీన సాయంత్రం 5.20కి డల్లాస్‌లో దిగుతాం. "పదమూడు గంటలేగా! కాశీకి రైల్లో ఇంతకంటే ఎక్కువే పట్టింది" అంది. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, ఊరుకుంటానా? వేసవిలో అక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక అని మొదలుపెట్టేలోపే కౌంటర్లో కుర్రాడు అంతా మన టైములోకి మార్చి రాసిచ్చాడు. దుబాయ్‌కి 4 గంటలు, అక్కడ ఆగేది మూడుంబావు, ఆపైన 16 గంటల 20 నిమిషాలు. వెరసి 23 గంటల 35 నిమిషాలు. నా పాఠం నోట్లోనే ఉండిపోయింది.

ఇంకో టికెట్టు మనిషికి ఆరువేలు తక్కువకి ఉంది. నేను దానికే మొగ్గాను. "వద్దు మాస్టారూ, అందులో దుబాయ్‌లో గంటా ఇరవై నిమిషాలే ఉంటుంది, అమ్మగారు గేటు మారలేరు" అన్నాడు. వీల్‌చైర్ కూడా తనే పెట్టించాడు. అక్కడ దిగాక ఆ నడవాలు చూసి, ఆరువేలకి కక్కుర్తి పడనందుకు దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి గ్లోబు మీద దారం బిగించి చూశాను. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దగ్గరి దారి పడమటికి పోదు, నేరుగా ఉత్తరానికెక్కి ధ్రువం పక్కనుంచి అవతలకి దిగుతుంది. రెండూళ్ల రేఖాంశాల మధ్య 175 డిగ్రీలు మరి! అలా అయితే సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,900. చుట్టు వెయ్యి కిలోమీటర్లే, విమానానికి గంట పైచిలుకు. అసలు కాలం తినేది నేల మీదే. ముందు రోజు సాయంత్రం నాలుక్కి కారెక్కి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా శంషాబాద్ చేరి, అక్కడ పడిగాపులు కాసి, చివరికి అమ్మాయి గుమ్మం తొక్కేసరికి మన గడియారంలో మూడో రోజు ఉదయం ఆరు.

విమానం సంగతి ఆఫీసు నెత్తిన రుద్దను. ఒక్కటి మాత్రం వాళ్లదే. శాకాహారం రాయించామన్నారు, రెండో విమానంలో మా ఇద్దరి పేరున అలాంటిదేమీ లేదు. గ్రీన్‌లాండ్ మీద ఎక్కడో బన్నూ పండ్లూ తిని కూర్చున్నాం. గోంగూర పచ్చడేమో పెద్ద పెట్టెలో, అడుగున. చేతి సంచిలో పెడితే తీసేస్తారని చెప్పిందీ ఆ కుర్రాడే.

తిరుగు ప్రయాణంలో అదే దూరం గంటన్నర ముందే అయిపోయింది, పైన పడమటి గాలి వెనకనుంచి తోసింది కాబట్టి. ఇది కుర్రాడు చెప్పలేదు, నేనే వెళ్లి చెప్పొచ్చాను.

ఆ ఆఫీసుకి అయిదుకి నాలుగు చుక్కలు. ఫోనెత్తరు, మనిషి వెళ్లాల్సిందే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా తాళం.