సూత్రానికి పసుపు డబ్బా: మ్యాథ్‌జాక్స్‌తో నా అనుభవం

క్లాసులో వర్గ సమీకరణం మూలాల సూత్రం రాశాక పసుపు చాక్‌పీసు తీసుకుని దాని చుట్టూ డబ్బా గీస్తాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే అలవాటు. ఆ డబ్బా అంటే ఏమిటో ఇంటర్ పిల్లలకి చెప్పక్కర్లేదు. ఇది నోట్సులో ఎక్కాలి, నోటికి రావాలి, పరీక్షకి కావాలి. బోర్డు మీద ఎంత రాసినా తలెత్తని వాళ్లు కూడా నేను పసుపు చాక్‌పీసు అందుకోగానే పెన్ను తీస్తారు.

2020లో కాలేజీలు మూసేసినప్పుడు నోట్సు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపేదాన్ని. జూమ్ చేస్తే మసక మసక. ప్రస్తారాల సూత్రంలో పక్కన చిన్నగా రాసింది ఎన్ అనుకోవాలో ఆర్ అనుకోవాలో తెలిసేది కాదు. దాంతో నేనే వెబ్ పేజీలు రాయడం నేర్చుకుని, సూత్రాల కోసం మ్యాథ్‌జాక్స్ పెట్టుకున్నాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఎంత పెద్దది చేసినా చెదరవు. కొన్ని నెలలకి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ఇందులో ఏది బట్టీ పట్టాలో తెలియట్లేదండీ, అన్నీ ఒకేలా ఉన్నాయి" అంది. అప్పుడు తట్టింది నాకు, పేజీలో నా పసుపు చాక్‌పీసు లేదని. ఆ డబ్బాను తెర మీదికి తెచ్చుకోవడానికి నేను వాడి చూసిన పద్ధతుల గురించే ఈ రివ్యూ.

మ్యాథ్‌జాక్స్ తెలియని వాళ్లకి రెండు ముక్కలు. లేటెక్ అని, గణితాన్ని మామూలు కీబోర్డు అక్షరాలతో ఆదేశాలుగా టైపు చేసే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతిలో రాసిన గణితాన్ని బ్రౌజర్‌లో అచ్చు పుస్తకంలా చూపించే ఉచిత ప్రోగ్రాం ఇది. డేవిడే చెర్వోన్ అనే గణిత ఆచార్యుడు అంతకుముందు చేసిన జేఎస్‌మ్యాథ్ దీనికి మూలం. మొదటి పూర్తి వెర్షన్ 2010లో, పూర్తిగా తిరగరాసిన మూడో వెర్షన్ 2019లో వచ్చాయి. పేజీ పైన ఒక్క లైను పెడితే చాలు, పనిచేస్తుంది.

ఇందులో డబ్బా కోసం నేను వాడి చూసిన ఆదేశాలు మూడు. బాక్స్‌డ్ అన్నది సన్నటి గీత ఒకటి గీసి ఊరుకుంటుంది. రంగు నింపదు. లెక్క చివర జవాబుకి అది సరిపోతుంది, సూత్రానికి చాలదు. రెండోది ఎఫ్‌కలర్‌బాక్స్. గీతకో రంగు, లోపలికో రంగు ఇస్తుంది గానీ లోపల ఉన్నదాన్ని మామూలు వాక్యంగా చదువుతుంది. కాబట్టి సూత్రాన్ని మళ్లీ డాలర్ గుర్తుల మధ్య పెట్టాలి. అది మర్చిపోయి నేను చాలా సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

మూడోది బీబాక్స్. నా మనసు నిలిచింది దీని మీదే. స్క్వేర్ బ్రాకెట్లలో మూడు సంగతులు కామాలు పెట్టి చెప్పాలి: లోపలి రంగు, సూత్రానికీ గీతకీ మధ్య ఖాళీ, గీత తీరు. తర్వాత ఫ్లవర్ బ్రాకెట్లలో సూత్రం. మూడూ ఇవ్వాలని లేదు, కావలసినవే ఇవ్వొచ్చు. లేత పసుపు, ఎనిమిది పిక్సెళ్ల ఖాళీ, రెండు పిక్సెళ్ల మందంలో ఎర్ర గీత, ఇదీ నా కొలత. మూలాల సూత్రం మీద వేసి చూడండి. రూట్ గుర్తు పైగీత డబ్బా అంచుకి తగలదు, కింద హారంలోని రెండు ఎ కూడా ఇరుక్కోదు. ఐదు పిక్సెళ్లకి దించితే ఊపిరాడనట్టుంటుంది. పన్నెండుకి పెంచితే పెళ్లి శుభలేఖలా కనిపిస్తుంది. పేరా మధ్యలో వచ్చే చిన్న సూత్రాలకి మాత్రం రెండు పిక్సెళ్లు దాటొద్దు. డబ్బా ఎత్తు పెరిగిన కొద్దీ ఆ లైను పైనా కిందా ఖాళీ పెరిగి పేరా ఎగుడుదిగుడు అవుతుంది.

ప్రతిచోటా ఇదంతా టైపు చేయలేం కాబట్టి సెట్టింగుల్లో ఒక మాక్రో, అంటే ఆ పొడుగు ఆదేశానికి ఒక పొట్టి పేరు, రాసుకున్నాను. రేపు పసుపు బదులు లేత నీలం కావాలంటే ఒక్కచోట మారిస్తే అన్ని పేజీలూ మారతాయి. ఇక్కడో జాగ్రత్త. మాక్రో లోపల రంగును హ్యాష్ గుర్తుతో మొదలయ్యే కోడ్‌గా రాయొద్దు. ఆ హ్యాష్‌ను మాక్రో, సూత్రం వచ్చి కూర్చోవాల్సిన ఖాళీ స్థానం అనుకుని తిరగబడుతుంది. లైట్ యెల్లో అని రంగు పేరే రాయండి, గొడవ ఉండదు.

ఒకసారి నేను చేసిన తప్పు చెప్పాలి. డిమోయర్ సిద్ధాంతం పేజీలో మూసే ఫ్లవర్ బ్రాకెట్ ఒకటి వదిలేశాను. సూత్రం రావలసిన చోట పసుపు పట్టీ మీద ఎర్ర అక్షరాలతో ఇంగ్లిష్‌లో తప్పు సందేశం వచ్చింది. మ్యాథ్‌జాక్స్ తప్పులు చూపించే తీరే అది. నా డబ్బా రంగులూ అవే, పసుపూ ఎరుపూ. ఇది ముఖ్యమైనదే కాబోలనుకుని ఒక పిల్లాడు ఆ ఇంగ్లిష్ ముక్కను నోట్సులో ఎక్కించుకుని, చుట్టూ గీత కూడా గీసుకున్నాడు. నా మీద ఎంత నమ్మకం ఉంటే అలా రాసుకుంటాడు! ఆ రాత్రే గీతను ముదురు నీలానికి మార్చాను. పేజీ పెట్టే ముందు ప్రతి సూత్రాన్నీ కంటితో చూస్తున్నాను.

తెలుగు మీడియం పేజీలు రాసేవాళ్లకి ఇంకో సంగతి. సూత్రం లోపల తెలుగు మాటలు రాయాలంటే టెక్స్ట్ ఆదేశం వాడాలి. వృత్తాల పాఠంలో "వృత్త వ్యాసార్ధం" అని రాసి, పక్కన సమానం గుర్తు, రూట్‌లో జి స్క్వేర్ ప్లస్ ఎఫ్ స్క్వేర్ మైనస్ సి పెట్టి డబ్బా కట్టాను. తెలుగు అక్షరాలు మ్యాథ్‌జాక్స్ సొంత ఫాంటులో లేవు. ఆ మాటల ఎత్తూ లోతూ అది ఒక ఉజ్జాయింపుతో తీసుకుంటుంది. మన వత్తులు ఆ ఉజ్జాయింపు కంటే కిందికి దిగుతాయి. మాట ఒక్కదానికే డబ్బా కట్టినప్పుడు త వత్తు తోక అడుగు గీతను తాకింది, ధ వత్తు సగం దాని మీద కూర్చుంది. ఖాళీ ఎనిమిదికి పెంచాక సర్దుకుంది. టెక్స్ట్‌లోని అక్షరాలకి పేజీ ఫాంటునే వాడమని చెప్పే సెట్టింగు ఒకటి ఉంది, అదీ పెట్టుకోండి. లేకపోతే చుట్టూ ఉన్న తెలుగు ఒక తీరుగా, డబ్బాలో తెలుగు ఇంకో తీరుగా కనిపిస్తుంది.

ఫోన్ సంగతి. మా పిల్లల్లో చాలామంది చూసేది ఫోన్‌లోనే. మూడో వెర్షన్ పొడుగు సూత్రాన్ని తనంతట తాను వరుసలుగా విరవదు. నాలుగో వెర్షన్‌లో ఆ సదుపాయం వచ్చింది గానీ భిన్నాన్ని ఏ వెర్షనూ మధ్యలో విరవదు కదా. టాన్ ఆఫ్ ఎ ప్లస్ బి ప్లస్ సి విస్తరణ మొత్తం రాసి డబ్బా కడితే కుడి అంచు తెర దాటిపోయింది. అడ్డంగా జరుపుకునేలా పెట్టొచ్చు, పెట్టాను కూడా. కానీ డబ్బా అన్నది ఒక్క చూపులో పడాలి, సగం సగం చూస్తే దాని పని అది చేయదు. మన పాఠ్యపుస్తకంలోనే దారి ఉంది: ఎస్ ఒకటి మైనస్ ఎస్ మూడు, బై, ఒకటి మైనస్ ఎస్ రెండు. ఆ పొట్టి రూపానికి డబ్బా కట్టి, ఎస్‌లు ఏమిటో కింద విడిగా రాశాను. పిల్లలకి గుర్తుండేదీ అదే రూపం.

వరుసలుగా చేసే లెక్కలో సమానం గుర్తులు ఒకదాని కింద ఒకటి రావడానికి అలైన్ వాడతాం. అక్కడ బీబాక్స్ ఆ గుర్తును దాటి రెండు పక్కలా పరుచుకోలేదు. వరుసల కట్ట మొత్తాన్ని అలైన్డ్‌గా రాసి బీబాక్స్ లోపల పెట్టండి, ఒకే డబ్బాలో అన్నీ వస్తాయి.

కేటెక్ సంగతేమిటని అడుగుతారు. అదీ ఇదే పని చేసే ఇంకో ప్రోగ్రాం, ఖాన్ అకాడమీ వాళ్లు 2014లో బయటపెట్టింది, చాలా వేగం. వందల సూత్రాలున్న పేజీ అయితే నేనూ దాని వైపే చూస్తాను. అందులో బాక్స్‌డ్, ఎఫ్‌కలర్‌బాక్స్ ఉన్నాయి, బీబాక్స్ లేదు. అంటే రంగులు మన చేతిలో ఉంటాయి, లోపలి ఖాళీ ఉండదు. వత్తులతో నేను పడ్డ అవస్థ చూశారు కదా, ఆ ఖాళీ నాకు ముఖ్యం.

రంగు ఒక్కదాన్నే నమ్ముకోవద్దని రెండు అనుభవాల మీద తెలిసింది. పిల్లలు నా పేజీలు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుంటారు. క్రోమ్‌లో ప్రింట్ కొడితే లోపలి రంగు మామూలుగా రాదు, మోర్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ పెట్టాలి. ఆ హడావిడిలో ఎవరు పెడతారు? రంగు పోయినా గీత మిగులుతుంది. అందుకే ఉత్త రంగు డబ్బా ఎక్కడా పెట్టను, గీత ఉండాల్సిందే.

రెండోది ఇంకా లోతుగా తగిలింది. సూత్రానికి ఆకుపచ్చ గీత, అది వర్తించే షరతుకి ఎర్ర గీత అని కొన్నాళ్లు పెట్టాను. ఘాతం ధన పూర్ణసంఖ్య కాని ద్విపద విస్తరణలో మాడ్ ఎక్స్ ఒకటి కన్నా తక్కువ ఉండాలన్నది షరతు. ఒక కుర్రాడు ప్రతిసారీ ఆ షరతు వదిలేసి లెక్క చేసేవాడు. కోప్పడ్డాను కూడా. చివరికి వాడే మెల్లగా చెప్పాడు, తనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయని. ఆ రోజు నిద్ర పట్టలేదు నాకు. మర్నాడు బీబాక్స్‌లో గీత తీరు మార్చాను. సూత్రానికి నిండు గీత, షరతుకి తెగిన గీత. ఒక్క మాట మారిస్తే చాలు. వారం తర్వాత ఆ కుర్రాడు క్లాసులో లేచి, "తెగిన గీతలో ఉన్నది ముందు చూసుకోవాలి కదండీ?" అని అడిగాడు. అప్పట్నుంచి బోర్డు మీద కూడా షరతులకి అలా ఆపి ఆపి గీస్తున్నాను.